రోమన్ దేవతలు గ్రీకు దేవుళ్లకు మారుపేర్లేనా?

సంక్షిప్తంగా: ప్రాచీన రోమన్లు కొలిచిన దేవతలను గ్రీకు దేవతలతో జతకట్టి చెప్పడం బడి పుస్తకాల నుంచి క్విజ్ పోటీల దాకా అలవాటైపోయింది. ఆ జతలు అబద్ధం కాదు గానీ, రోమ్‌లో పూజ అసలు ఎలా నడిచేదో వాటివల్ల తెలియదు. అక్కడ దేవుడికీ ప్రజలకీ మధ్య ఉన్నది ఒప్పందం లాంటి సంబంధం. దాన్ని నడిపింది ప్రభుత్వం, ఖర్చు భరించింది ఖజానా. బయటి దేవతలను తెచ్చుకోవడం, చక్రవర్తిని దేవుణ్ని చేయడం, చివరికి ఆ పూజలు ఆగిపోవడం, అన్నీ ఆ ఏర్పాటును బట్టే అర్థమవుతాయి.

జతల పట్టికలో కనిపించనిది

జుపిటర్ అంటే జ్యూస్, జూనో అంటే హెరా, వీనస్ అంటే ఆఫ్రొడైటీ, మార్స్ అంటే ఆరీస్. ఈ పట్టిక చాలామందికి కంఠతా వచ్చు. రోమన్లు కూడా దీన్ని ఒప్పుకున్నవాళ్లే. క్రీ.పూ. 217లో ట్రాసిమీన్ సరస్సు దగ్గర కార్తేజ్ సేనాపతి హానిబల్ చేతిలో రోమన్ సైన్యం తుడిచిపెట్టుకుపోయాక, నగరంలో 12 మంది దేవతలకు ఆరు మంచాలు వేసి విందు పెట్టారు. జుపిటర్‌కు జూనో, నెప్ట్యూన్‌కు మినర్వా, మార్స్‌కు వీనస్, అపోలోకు డయానా, వల్కన్‌కు వెస్టా, మెర్క్యురీకి సెరీస్ జోడీ. పన్నెండు మందిని ఇలా ఆడా మగా జంటలుగా చేర్చడం గ్రీకుల నుంచి వచ్చిన పద్ధతి.

అంతకు ముందటి సంగతి వేరు. రోమన్లు మొదటి 170 ఏళ్లకు పైగా విగ్రహాలు లేకుండానే దేవతలను కొలిచారని క్రీ.పూ. 1వ శతాబ్దపు పండితుడు వర్రో రాశాడు. పాత కాలంలో అగ్రస్థానం జుపిటర్, మార్స్, క్విరినస్ అనే ముగ్గురిది. ప్రధాన పూజారులు ముగ్గురూ ఆ ముగ్గురికే ఉండేవారు. కాపిటోలిన్ కొండ మీద జుపిటర్, జూనో, మినర్వాలకు కలిపి కట్టిన పెద్ద గుడి తర్వాతిది. సంప్రదాయం ప్రకారం దాని ప్రతిష్ఠ క్రీ.పూ. 509లో జరిగింది. అందులోని జుపిటర్ మట్టి విగ్రహాన్ని చేసింది వేయీ నగరానికి చెందిన వుల్కా అనే ఎట్రుస్కన్ శిల్పి అని పెద్ద ప్లినీ చెబుతాడు. రూపం పొరుగువాళ్ల దగ్గర నుంచి వచ్చింది, పని మాత్రం రోమన్లు అప్పగించిందే.

మార్స్‌ను చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. గ్రీకుల ఆరీస్ రక్తపాతానికి దేవుడు. దేవతలందరిలో నువ్వంటేనే నాకు అసహ్యమని హోమర్ కావ్యంలో జ్యూస్ అతని ముఖం మీదే అంటాడు. రోమ్‌లో మార్స్ స్థాయి అలాంటిది కాదు. నగర స్థాపకుడు రోములస్‌కు తండ్రి ఆయనే. యుద్ధాలు మొదలయ్యే మార్చి నెలకు ఆయన పేరే పెట్టారు. అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది పొలంలో ఆయనకున్న చోటు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో రాసిన వ్యవసాయ గ్రంథంలో ఒక ప్రార్థన ఉంది. రైతు తన పొలం చుట్టూ పంది, గొర్రె, ఎద్దులను తిప్పి మార్స్‌కు బలి ఇస్తూ ఏం చెప్పాలో కేటో మాట పొల్లుపోకుండా రాసిపెట్టాడు. కంటికి కనిపించే రోగాలనూ కనిపించని రోగాలనూ అడ్డుకోవాలి, గొడ్డుబారడాన్నీ అకాల వాతావరణాన్నీ తప్పించాలి, పైరునూ ద్రాక్షతోటలనూ ఎదగనివ్వాలి, కాపరులనూ మందలనూ కాపాడాలి. యుద్ధం ఊసే లేదు. బయటి నుంచి వచ్చే చెడును హద్దు దగ్గరే నిలబెట్టడం మార్స్ పని. ఆ చెడు శత్రుసైన్యమైనా కావచ్చు, పంట తెగులైనా కావచ్చు.

జేనస్‌కైతే గ్రీకుల్లో జోడీయే లేడు. ముందుకొక ముఖం, వెనక్కొక ముఖం ఉన్న ఈ ద్వార దేవుణ్ని ప్రార్థనల్లో అందరికన్నా ముందు తలచుకునేవారు. ఆయన గుడి తలుపులు యుద్ధకాలంలో తెరిచి, శాంతికాలంలో మూసేవారు. తన ముందు వరకు రోమ్ చరిత్రంతటిలో ఆ తలుపులు రెండుసార్లే మూతపడ్డాయని, తన హయాంలో మూడుసార్లు మూయాలని పెద్దల సభ అయిన సెనేట్ నిర్ణయించిందని తొలి చక్రవర్తి అగస్టస్ తన శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు.

పనికొక దేవుడు

గ్రీకు దేవతల గురించి అడిగితే కథలు దొరుకుతాయి. రోమన్ దేవతల గురించి అడగాల్సింది ఎవరి పని ఏమిటని. సెరీస్ ధాన్యానికి దేవత. ఆమెకు బలి ఇచ్చేటప్పుడు పూజారి మరో 12 మందిని పేరుపేరునా పిలిచేవాడు. బీడు దున్నేటప్పుడు వెర్వాక్టర్, రెండోసారి దున్నేటప్పుడు రెపరేటర్, చాళ్లు తీసేటప్పుడు ఇంపోర్సిటర్, విత్తేటప్పుడు ఇన్సిటర్, కలుపు తీసేటప్పుడు సబ్‌రన్సినేటర్, కోతకు మెస్సర్, పంట ఇంటికి చేర్చేటప్పుడు కన్వెక్టర్, గాదెలో పోసేటప్పుడు కండిటర్. వీళ్లకు కథలు లేవు, పెళ్లిళ్లు లేవు, వంశవృక్షం లేదు. సాగులో ఒక దశ వచ్చిందంటే దాన్ని చూసుకునే దైవం ఉండాల్సిందే.

గోధుమకు పట్టే కుంకుమ తెగులుకు రోబిగస్ అనే దైవం ఉండేవాడు. ఏప్రిల్ 25న అతనికి కుక్కను బలి ఇచ్చేవారు. గింజ పాలు పోసుకునే ఆ రోజుల్లో తెగులు తగిలితే ఏడాది తిండి పోయినట్టే, అందుకే పండుగ సరిగ్గా అప్పుడే పడేది. నగర మురుగు కాలువకు క్లోయసినా అనే దేవత ఉంది, ఆమెకు రోమ్ ప్రధాన కూడలి ఫోరమ్‌లోనే చిన్న గుడి ఉండేది. తలుపు రెక్కలకు ఫోర్క్యులస్, గడపకు లిమెంటినస్, తలుపు బందులకు కార్డియా. ఇంటికి కాపలా పెట్టుకుంటే ఒక్క మనిషి సరిపోతాడే, తలుపుకు ముగ్గురు దేవుళ్లు ఎందుకని క్రీ.శ. 5వ శతాబ్దపు క్రైస్తవ బిషప్ ఆగస్టీన్ ఎద్దేవా చేశాడు.

ఆ ఎద్దేవాను కాస్త జాగ్రత్తగా చదవాలి. దేవతల గురించి వర్రో రాసిన పెద్ద గ్రంథం మొత్తంగా మనకు దక్కలేదు. చిన్న దేవతల పేర్లలో చాలా భాగం ఆ మతాన్ని ఖండించడానికి పూనుకున్నవాళ్లు ఉటంకించడం వల్లే మిగిలాయి. వాళ్లకు వింతగా కనిపించినవే ఎక్కువగా మన దాకా వచ్చాయి. సామాన్య రైతు ఈ పేర్లన్నీ రోజూ జపించేవాడని దాన్నిబట్టి అనుకోవడానికి లేదు.

పేరు తెలియకపోయినా పని ఆగేది కాదు. అడవిలో చెట్లు నరికే ముందు పందిని బలి ఇస్తూ ‘ఈ చోటు ఎవరిదో వారు, దేవుడైనా సరే, దేవతైనా సరే’ అని మొదలుపెట్టమని కేటో చెబుతాడు. గాల్ తెగలవాళ్లు వచ్చిపడుతున్నారని ఒక రాత్రి వినిపించిన మాటను ఎవరూ లెక్కచేయలేదని, క్రీ.పూ. 390 ప్రాంతంలో నగరం కాలిపోయాక ఆ గొంతుకే అయస్ లొక్యూటియస్ అని పేరుపెట్టి గుడి కట్టారని రోమన్ చరిత్రకారులు రాశారు.

మొక్కు కట్టుకునే తీరు

రోమన్ పూజకు ఆయువుపట్టు మొక్కు. మొక్కుకోవడం, పని జరిగితే చెల్లించడం తెలుగువాళ్లకు కొత్త సంగతేమీ కాదు. రోమ్‌లో ప్రత్యేకత ఏమిటంటే, ఆ మొక్కును ప్రభుత్వం దేశం తరఫున, వకీలు దస్తావేజు రాసినంత జాగ్రత్తగా కట్టుకోవడం.

క్రీ.పూ. 217 నాటి మొక్కే ఇందుకు మంచి ఉదాహరణ. ట్రాసిమీన్ ఓటమి తర్వాత ప్రజల ముందు ఒక ప్రతిపాదన పెట్టి, ఓటు వేయించి, దాని మాటలను నమోదు చేశారు. చరిత్రకారుడు లివీ ఆ పాఠాన్ని భద్రపరిచాడు. వచ్చే అయిదేళ్లు ఈ యుద్ధాల్లో రోమ్ క్షేమంగా ఉంటే, ఒక వసంతంలో పుట్టిన పందులు, గొర్రెలు, మేకలు, పశువులు అన్నిటినీ జుపిటర్‌కు అర్పిస్తాం. ఆ తర్వాత వచ్చేవన్నీ మినహాయింపులు. బలి ఇవ్వాల్సిన జీవం ముందే చనిపోతే అది మొక్కులోకి రాదు, దోషం లేదు. ఎవరైనా దొంగిలిస్తే ప్రజలకూ దోషం అంటదు, సొంతదారుకూ అంటదు. తెలియక చెడ్డరోజున బలి ఇచ్చినా చెల్లినట్టే. పగలైనా రాత్రైనా, ఇచ్చినవాడు బానిసైనా స్వతంత్రుడైనా చెల్లినట్టే. దేవుడు తర్వాత ఏ లొసుగు పట్టుకుని అలగకుండా ముందే దారులన్నీ మూసిన రాత ఇది.

ఇందులో భక్తి లేదని అనుకుంటే పొరపాటే. ఆ మొక్కు చెల్లించింది క్రీ.పూ. 195లో, అంటే 22 ఏళ్ల తర్వాత. అప్పటికి హానిబల్ ఓడిపోయి ఏళ్లు గడిచాయి, భయం తీరిపోయింది. అయినా మరవలేదు. పైగా అది సరిగ్గా జరగలేదని ప్రధాన పూజారి చెప్పడంతో మరుసటి ఏడాది మొత్తం మళ్లీ చేశారు. దేశంలో ఒక రుతువులో పుట్టిన పశుసంపదంతా రెండోసారి బలి! ఇచ్చిన మాటను ఎంత బరువుగా తీసుకున్నారో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చిన్న పూజల్లోనూ ఇదే పట్టింపు. మాట తడబడినా, ఒక వస్తువు తగ్గినా మళ్లీ మొదటి నుంచి చేయాలి. పూజారి తల మీద ముసుగు కప్పుకునేవాడు, పక్కన పిల్లనగ్రోవి లాంటి వాద్యం మోగుతుండేది. చెడు మాట, చెడు చప్పుడు చెవిన పడకుండా ఈ ఏర్పాటు. నమ్మకం ఏమిటని ఎవరూ అడగరు, చేసింది సరిగ్గా చేశావా అన్నదే ప్రశ్న. క్రీ.పూ. 249లో సిసిలీ తీరంలో నౌకాయుద్ధానికి ముందు శకునపు కోళ్లు మేత ముట్టలేదు. తినకపోతే తాగనీ అని సేనాపతి క్లాడియస్ పల్చర్ వాటిని సముద్రంలో పారేయించాడని చెబుతారు. ఆ రోజు అతను ఘోరంగా ఓడాడు, రోమ్‌కు తిరిగొచ్చాక విచారణ జరిపి జరిమానా వేశారు.

ఈ ఆలోచనకు చీకటి కోణం కూడా ఉంది. విపత్తు వచ్చిందంటే ఎక్కడో పూజలో తప్పు జరిగి ఉండాలి, ఆ తప్పు చేసినవాళ్లను వెతకాలి. ఫోరమ్‌లో వెస్టా దేవత గుండ్రటి గుడి ఉండేది. లోపల విగ్రహం లేదు, ఆరని నిప్పే దేవత. ఆరుగురు వెస్టల్ కన్యలు ఆ నిప్పును కాపాడేవారు. వాళ్లను ఆరు నుంచి పదేళ్ల లోపు వయసులో ఎంచుకునేవారు, 30 ఏళ్లు బ్రహ్మచర్యంతో సేవ చేయాలి. క్రీ.పూ. 216లో, కాన్నే అనే చోట జరిగిన యుద్ధంలో ఘోర పరాజయం ఎదురైన ఏడాది, ఇద్దరు వెస్టల్ కన్యలు వ్రతభంగం చేశారని తేల్చారు. ఒకరిని ఆచారం ప్రకారం సజీవంగా పాతిపెట్టారు, మరొకరు ప్రాణం తీసుకున్నారు. అంతటితో ఆగక ఇద్దరు గాల్‌లను, ఇద్దరు గ్రీకులను కూడా పశువుల సంత దగ్గర బతికుండగానే పూడ్చారు. ఇది రోమన్ల పద్ధతే కాదని లివీ అంతటివాడు కూడా ఇబ్బంది పడుతూ రాశాడు.

బయటి దేవతలు ఎలా వచ్చారు

దేవుడు ఒప్పందంలో ఒక పక్షమైతే, శత్రువు దేవుడితోనూ మాట్లాడుకోవచ్చు. క్రీ.పూ. 396లో వేయీ నగరాన్ని ముట్టడించిన సేనాపతి కమిలస్, ఆ ఊరి జూనో దేవతను రోమ్‌కు రమ్మని వేడుకున్నాడు, వస్తే తగిన గుడి కట్టిస్తానని మాటిచ్చాడు. ఊరు చేజిక్కాక విగ్రహం దగ్గరికి వెళ్లిన యువకుల్లో ఒకడు ‘జూనో, రోమ్‌కు వస్తావా?’ అని అడిగితే విగ్రహం తలూపిందని కథ. నాలుగేళ్లకు అవెంటైన్ కొండ మీద ఆమె గుడి ప్రతిష్ఠ జరిగింది.

రోగాలు, యుద్ధాలు వచ్చినప్పుడు సెనేట్ ఆదేశంతో సిబిలైన్ గ్రంథాలు అనే భవిష్యవాణి పుస్తకాలు తెరిచేవారు. ఒక అంటురోగం వల్ల అపోలో గుడి క్రీ.పూ. 431లో వెలిసింది. మరో అంటురోగం వల్ల గ్రీస్‌లోని ఎపిడారస్ నుంచి వైద్య దేవుడు ఎస్కులాపియస్‌ను క్రీ.పూ. 291లో పాము రూపంలో తెచ్చారు. పాము ఓడ దిగి ఈదుకుంటూ చేరిందన్న టైబర్ నది లంకలోనే గుడి కట్టారు, ఆ లంకలో ఇప్పటికీ ఆసుపత్రి ఉంది.

అన్నిటికన్నా పెద్ద రాక క్రీ.పూ. 204లో. హానిబల్ ఇంకా ఇటలీలోనే ఉన్నాడు. ఆసియా మైనర్ నుంచి మహామాతను తీసుకొస్తే శత్రువు పోతాడని గ్రంథాల్లో దొరికింది. ఆమె నల్లని రాయి రూపంలో ఓడలో వచ్చింది. క్రీ.పూ. 191లో నగరానికి గుండెకాయ లాంటి పాలటైన్ కొండ మీద గుడి సిద్ధమైంది. అక్కడే రెండో ముఖం కనిపిస్తుంది. ఆమె పూజారులు తమను తాము నపుంసకులుగా మార్చుకుని, తప్పెట్లతో ఊరేగేవాళ్లు. రోమన్ పౌరులెవరూ ఆ పూజారులు కాకూడదని, ఆ ఊరేగింపులో నడవకూడదని కట్టడి చేశారు. దేవతకు అత్యున్నత స్థానం, ఆమె పద్ధతులకు కంచె.

సెనేట్ చేతుల మీదుగా రాని పూజకు ఏ గతి పట్టిందో క్రీ.పూ. 186లో తేలింది. మద్య దేవుడు బాకస్ భక్తులు రాత్రుళ్లు రహస్యంగా గుమిగూడుతున్నారని వేల మందిని పట్టుకున్నారు, చాలామందికి మరణశిక్ష పడింది. అప్పటి ఉత్తర్వు చెక్కిన కంచు పలక 1640లో దక్షిణ ఇటలీలోని తిరియోలోలో దొరికింది. ఇప్పుడది వియన్నాలో ఉంది. అందులో బాకస్ పూజను పూర్తిగా నిషేధించలేదు. అయిదుగురికి మించి చేరాలంటే కనీసం వంద మంది సభ్యులున్న సెనేట్ సమావేశంలో అనుమతి తెచ్చుకోవాలి, ఉమ్మడి నిధి పెట్టుకోకూడదు, ఒకరికొకరు ప్రమాణాలు చేసుకోకూడదు. ప్రభుత్వానికి బెంగ దేవుడితో కాదు, తన చేతుల్లో లేని సంఘంతో.

సామ్రాజ్యం పెరిగాక ఊరూరి దేవతలూ రోమన్ పేర్లు తొడుక్కున్నారు. బ్రిటన్‌లోని బాత్ పట్టణంలో వేడినీటి ఊట దేవత సూలిస్, మినర్వాతో కలిసి సూలిస్ మినర్వా అయింది. ఆ ఊటలోంచి సుమారు 130 సీసపు, తగరపు రేకులు బయటపడ్డాయి, ఎక్కువ భాగం దొంగల మీద ఫిర్యాదులే. డాసిమెడిస్ అనే అతను తన రెండు చేతి తొడుగులు పోయాయని, తీసినవాడికి మతీ కళ్లూ పోవాలని దేవతకు రాసుకున్నాడు. సెనేట్ నిర్ణయాల్లో వినిపించని మామూలు మనిషి గొంతు ఈ రేకుల్లో వినిపిస్తుంది.

చక్రవర్తి దేవుడయ్యాక

జూలియస్ సీజర్‌ను సెనేట్ క్రీ.పూ. 42లో దేవుడిగా ప్రకటించింది. దాంతో దత్తపుత్రుడు అగస్టస్ దైవపుత్రుడయ్యాడు. రోమ్ నగరంలో బతికున్న అగస్టస్‌ను దేవుడిగా కొలవలేదు. క్రీ.పూ. 7లో వీధుల కూడళ్లలోని లేరీస్ అనే కాపలా దేవతల పక్కన ఆయన జీనియస్‌ను, అంటే ఆయనతో పాటు పుట్టిన రక్షక శక్తిని చేర్చారు. దైవత్వం చనిపోయాక, అదీ సెనేట్ తీర్మానంతో వచ్చేది. క్లాడియస్‌కు వచ్చింది, టిబీరియస్‌కు, కలిగులాకు, నీరోకు రాలేదు.

ఈ రాజకీయం తెలుగు నేలకూ చేరింది, నాణేల రూపంలో. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టిబీరియస్‌లవి ఎక్కువ. దక్షిణ భారత నిధుల్లో తరచూ కనిపించే టిబీరియస్ నాణెం మీద ఒక వైపు ఆయన దివ్య అగస్టస్ కుమారుడని, రెండో వైపు ప్రధాన పూజారి అని రాసి ఉంటుంది. వాటిని పుచ్చుకున్న ఇక్కడి వర్తకులకు కావాల్సింది వెండి బరువు.

రాజభక్తిని పూజతో ముడివేయడం వల్ల వచ్చిన చిక్కు క్రైస్తవుల విషయంలో బయటపడింది. క్రీ.శ. 112 ప్రాంతంలో గవర్నర్‌గా ఉన్న చిన్న ప్లినీ, క్రైస్తవులని పేరుపడ్డవాళ్లను చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, మద్యం అర్పించమన్నాడు. వాళ్ల మనసులో ఏముందో అతనికి అక్కర్లేదు, చేతితో చేస్తే చాలు. క్రైస్తవులకు ఆ చేయడమే ద్రోహం. క్రీ.శ. 249-250లో డీసియస్ చక్రవర్తి అందరూ బలి ఇచ్చి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. అలాంటి పత్రాలు పదుల సంఖ్యలో ఈజిప్టు ఇసుకలో దొరికాయి. ఫలానావాడు అధికారుల ఎదుట బలి ఇచ్చాడు, మద్యం పోశాడు, ప్రసాదం తిన్నాడు అని సాక్షుల సంతకాలతో సహా.

ఖజానా చేయి వెనక్కి తీసుకున్నాక

క్రీ.శ. 382లో గ్రేషియన్ చక్రవర్తి సెనేట్ భవనంలోని విక్టరీ దేవత పీఠాన్ని తీయించి, వెస్టల్ కన్యలకూ పాత పూజారులకూ ఇచ్చే ప్రభుత్వ సొమ్ము ఆపేశాడు. రెండేళ్లకు రోమ్ నగర అధికారి సిమ్మాకస్ దాన్ని వెనక్కి తీసుకోమని విన్నపం పెట్టాడు. వెస్టల్ కన్యల భత్యం ఆపిన ఏడాదే పంటలు పోయి జనం అడవి కాయలు తిన్నారని వాదించాడు. పాత ఏర్పాటులో నిలబడి చూస్తే ఆ వాదన సబబే: దేశం తరఫున జరిగే పూజకు దేశమే ఖర్చు పెట్టాలి, ధనికుడెవరో సొంత డబ్బుతో చేయిస్తే అది ఒప్పందం కిందికి రాదు. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు, విన్నపం నెగ్గలేదు.

నమ్మకం మీద నిలబడిన మతమైతే డబ్బు ఆగినా ఇళ్లలో సాగుతుంది. రోమన్ ఇళ్లలోనూ పూజ ఉండేది. పాంపేలోని వెట్టీల ఇంట్లో గోడ మీద ఆ పూజ మందిరం ఇప్పటికీ ఉంది. మధ్యలో తల మీద ముసుగుతో ఇంటి పెద్ద జీనియస్, రెండు పక్కలా నాట్యమాడుతున్న లేరీస్, కింద నైవేద్యం వైపు పాకుతున్న పాము. కొత్త పాలకులకు ఈ సంగతి తెలుసు. క్రీ.శ. 392 నవంబరులో థియోడోసియస్ పేరుతో వచ్చిన చట్టం గుళ్లతో ఆగలేదు. ఇంట్లో చాటుగానైనా లేరీస్‌కు నిప్పు, జీనియస్‌కు మద్యం, పెనేటీస్ అనే ఇంటి దేవతలకు సుగంధం అర్పించకూడదని, దీపాలు పెట్టకూడదని, పూలదండలు వేలాడదీయకూడదని ఒక్కొక్కటీ పేరుపెట్టి నిషేధించింది.

అయినా మొలగుడ్డతో వీధుల్లో పరుగెత్తే లూపర్కాలియా పండుగ రోమ్‌లో మరో వంద ఏళ్లు నడిచింది. 5వ శతాబ్దం చివర పోప్ గెలాసియస్ దాన్ని మాన్పించడానికి సెనేటర్ ఆండ్రోమాకస్‌కు ఉత్తరం రాయాల్సి వచ్చింది. పండుగ ఆపితే రోగాలు ప్రబలుతాయన్నది అవతలివాళ్ల వాదన. అంత నమ్మకముంటే కూలివాళ్లను పరుగెత్తించడం దేనికి, మీ తాతల్లాగా మీరే మొలగుడ్డతో వీధుల్లో పరుగెత్తండని గెలాసియస్ సవాలు విసిరాడు.